పండగ కాని రోజున బొమ్మ

ప్రశ్న: మేము శ్రీకాకుళం పట్టణంలో ఉంటాము. పాపకు ఎనిమిదేళ్ళు, బాబుకు అయిదేళ్ళు. మావారు సైన్యంలో పనిచేస్తూ ఏడాదికి రెండుసార్లు సెలవు మీద వస్తారు. నేను ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతాను. అత్తగారు, మామగారు మాతోనే ఉంటారు. పుట్టినరోజుకూ సంక్రాంతికీ బొమ్మలు కొనడం మొదటినుంచీ ఉన్నదే, దానితో ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా మామూలు రోజులతోనే. మామగారు ప్రతి ఆదివారం బాబును అరసవల్లి గుడికి తీసుకువెళ్ళి, వచ్చేటప్పుడు ఏదో ఒక బొమ్మ కొనిపెడతారు. యాభై రూపాయలదో వంద రూపాయలదో అయిన ఆ బొమ్మ సాయంత్రానికి విరగడమో, మంచం కిందకు చేరడమో జరుగుతుంది. నాతో బజారుకు వచ్చినా బొమ్మల దుకాణం ముందు నేల మీద చతికిలబడిపోతాడు. చాలాసార్లు కాదంటాను, జనం చూస్తున్నారని కొన్నిసార్లు కొనేస్తాను. మావారు వచ్చినప్పుడు సంచినిండా తెస్తారు. మొన్న ఇల్లు సర్దుతూ లెక్కపెడితే విరిగినవి పోను 63 బొమ్మలు తేలాయి. ఇన్ని ఉండగా వాడు రెండు వారాలు ఆడుకున్నది కొత్త మిక్సీ వచ్చిన అట్టపెట్టెతో, దానిని బస్సు చేసుకుని! పాపతో ఈ గొడవ లేదు, అది ఏమీ అడగదు. పరీక్షల్లో మొదటి మూడు ర్యాంకుల్లో వస్తే ఒక బొమ్మ కొంటానని దానికి చెప్పాను. మిగతా తల్లిదండ్రులు ఎన్నాళ్ళకొకసారి కొంటారు? మేము మరీ ఎక్కువ చేస్తున్నామా? మామగారికి ఎలా చెప్పాలి?

సమాధానం: అమ్మా, మీ మొదటి ప్రశ్నకు ముందుగా సూటిగా జవాబు చెబుతాను. పుట్టినరోజు, సంక్రాంతి, దసరా వంటివి పోను, మామూలు రోజుల్లో మీ పిల్లలిద్దరికీ రెండు నెలలకొక బొమ్మ చాలునని నా అభిప్రాయం. సుద్దముక్కలు, రంగు పెన్సిళ్ళు, తెల్లకాగితాలు, బంకమట్టి, పాతది పగిలిపోతే కొనే కొత్త బంతి, కథల పుస్తకం వంటివాటిని నేను ఈ లెక్కలో వేయను. అవి ఇంట్లో ఉప్పూ పప్పూ వంటివి, అయిపోయినప్పుడల్లా తెచ్చుకోవలసినవే. ఇక మీరు ఎక్కువ చేస్తున్నారా అంటే, చేస్తున్నారు. వారానికొకటి చొప్పున ఏడాదికి ఒక్క అరసవల్లి నుంచే యాభై బొమ్మలు వస్తున్నాయి. వాటిమీద అయ్యే ఖర్చు మీ ఇంటికి పెద్ద భారం కాకపోవచ్చు గాని, అయిదేళ్ళవాడు ఏడాదిలో యాభై వస్తువులతో స్నేహం చేయలేడు.

అయితే ఇతర తల్లిదండ్రుల లెక్క మీకు పెద్దగా ఉపయోగపడదు. కూలికి వెళ్ళే ఇంట్లో ఏడాదికొకసారి జాతరలో కొన్న ప్లాస్టిక్ లారీయే పిల్లవాడికి ఆస్తి. ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇంట్లో సరుకులతో పాటు వారంవారం ఒక చిన్న కారు సంచిలో పడుతూ ఉంటుంది. ఈ రెండిళ్ళ పిల్లల్లో ఎవరు బాగా పెరుగుతారో ఆ సంఖ్యను బట్టి చెప్పలేము. ఇంట్లో పెద్దవాళ్ళు ‘మా కాలంలో ఇన్ని బొమ్మలెక్కడివి’ అంటే కూడా మీరు నొచ్చుకోవద్దు. నేను విజయనగరంలో పుట్టి పెరిగినదాన్ని. దసరా వెళ్ళిన మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను ఉత్సవం చూసి, మూడు లాంతర్ల కూడలి దగ్గర నుంచి ఇంటిముఖం పట్టినప్పుడు మా నాన్నగారు మా అయిదుగురికీ తలొక బొమ్మ కొనేవారు. ఏడాదికి అదొక్కటే. మిగిలిన రోజులు గచ్చకాయలతోను, వామనగుంటలతోను గడిచిపోయేవి. అది మావాళ్ళు ఆలోచించి పెట్టిన పద్ధతేమీ కాదు, చేతిలో డబ్బు లేకపోవడం. ఎదురింటి అమ్మాయి దగ్గరున్న కళ్ళు మూసి తెరిచే బొమ్మను ఒక్కసారి ఎత్తుకోనిస్తుందేమోనని వారం రోజులు ఆ పిల్ల పుస్తకాల సంచి మోసిన సంగతి నాకింకా గుర్తే. కాబట్టి లేమిని గొప్పగా చెప్పి మిమ్మల్ని మందలించే ఉద్దేశం నాకు లేదు.

మీ ఉత్తరంలో నన్ను ఆలోచింపజేసినది 63 అన్న అంకె కన్నా ఆ అట్టపెట్టె బస్సు. గుడి దగ్గర కొన్న బొమ్మ సాయంత్రానికి మంచం కిందకు చేరుతోంది, ఎవరూ కొనని అట్టపెట్టె రెండు వారాలు నిలిచింది. అంటే మీ బాబుకు బొమ్మలంటే మోజు ఎక్కువని మీరు అనుకుంటున్నారు గాని, వాడికి మోజు బొమ్మ మీద కాదు, బొమ్మ కొనిపించుకోవడం మీద. తాతగారి చేయి పట్టుకుని దుకాణాల వరుస వెంట నడవడం, ‘అది కావాలి’ అని వేలు పెట్టి చూపించడం, తాతగారు జేబులోంచి డబ్బు తీయడం, దుకాణదారు ఆ బొమ్మను కిందకు దించి వాడి చేతిలో పెట్టడం, ఈ కాసేపట్లో ఆ పిల్లవాడు ఊరికి రాజు. బొమ్మ చేతికి వచ్చాక ఆ వైభవం అయిపోతుంది. అది తిరిగి కావాలంటే మరో ఆదివారం రావాలి, లేదా మీతో బజారుకు వచ్చినప్పుడు నేల మీద కూర్చోవాలి. కనుక ఇంటికి వచ్చే బొమ్మల సంఖ్యను ఒక్కసారిగా తగ్గించినంత మాత్రాన ఫలితం ఉండదు. ఆదివారపు వైభవాన్ని వాడికి మిగిల్చి, అందులోంచి కొనుగోలును మాత్రం మెల్లగా పక్కకు తప్పించాలి.

దానికి ముందు బజారు సంగతి చూద్దాం, అది పూర్తిగా మీ చేతిలో ఉన్నది కనుక. మీరు చాలాసార్లు కాదని, కొన్నిసార్లు కొనేస్తున్నారు. ఎప్పుడూ కొనేయడం కన్నా ఇది మేలు అనిపిస్తుంది కాని, పేచీ మాన్పించే విషయంలో నిజానికి ఇదే ఎక్కువ కష్టమైన స్థితి. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్.స్కిన్నర్ ఎలుకలతోను, పావురాలతోను చేసిన ప్రయోగాల్లో, మీట నొక్కిన ప్రతిసారీ కాకుండా ఎప్పుడో ఒకప్పుడు మాత్రమే గింజ దొరికే ప్రాణి, గింజలు పూర్తిగా ఆగిపోయాక కూడా చాలాకాలం నొక్కుతూనే ఉంటుందని తేలింది. మీ అబ్బాయి చేస్తున్నదీ అదే. నాలుగుసార్లు కాదని, అయిదోసారి జనానికి జడిసి కొన్నారంటే, ఏడుపు పనిచేస్తుందని వాడు నేర్చుకోవడమే కాక, వెంటనే పనిచేయకపోయినా వదలకూడదని కూడా నేర్చుకున్నాడు. కాబట్టి ఇకపై ఏడ్చినప్పుడు కొనకూడదు, ఒక్కసారి కూడా. ఇలా గట్టిగా నిలబడిన మొదటి రెండు మూడు సార్లు పేచీ తగ్గకపోగా ఇదివరకటి కన్నా పెరుగుతుంది. దానిని చూసి ఈ పద్ధతి మా వాడి దగ్గర పనిచేయదని మానేస్తారు చాలామంది తల్లులు. సరిగ్గా ఆ ఘట్టం దాటితేనే తగ్గుముఖం పడుతుంది.

ఇంటి గుమ్మం దాటకముందే వాడి ఎత్తుకు వంగి, ఈ రోజు అరటిపళ్ళకూ పువ్వులకూ వెళ్తున్నాము, బొమ్మలు చూడవచ్చు గాని కొనము అని చెప్పండి. దుకాణం దగ్గర వాడు ఆగితే మీరూ ఆగండి. చెయ్యి పట్టి ఈడ్చుకుపోవడం కన్నా, ఆ జేసీబీ నిజంగానే బాగుంది, దాని తొండం ఎంత పైకి లేస్తుందో అని రెండు నిమిషాలు వాడితో కలిసి చూడటమే త్వరగా ముగిసే మార్గం. డబ్బులు లేవని మాత్రం చెప్పవద్దు, మరో పది అడుగుల అవతల మీరు చీర జాకెట్టుకు గుడ్డ కొంటే ఆ మాట అబద్ధమని అయిదేళ్ళవాడికి కూడా తెలుస్తుంది. పోలీసు వస్తాడనీ, బూచివాడు పట్టుకుపోతాడనీ చెప్పడం కూడా అంతే. అంతకూ నేల మీద కూర్చుంటే పక్కకు ఎత్తుకుపోయి, ఏడుపు ఆగేదాకా ఊరుకుని, ఆ తరువాత పువ్వులు కొనుక్కుని రండి. చూసే జనంలో సగం మంది ఇంట్లో ఇదే నాటకం నడిచే ఉంటుంది.

ఇప్పుడు మామగారి విషయం. ఆయనను బొమ్మలు కొనడం మానమని అడగవద్దని నా సలహా. ‘గుంటడు ఏడుస్తుంటే చూస్తూ ఊరుకోమంటావేటమ్మా’ అని ఆయన అంటే మీ దగ్గర జవాబుండదు, ఉన్నా కోడలిగా చెప్పడం మీకు ఇబ్బంది. పైగా మనవడికి బొమ్మ కొనడమే తాతగా తాను చేయగలిగిన పనిగా ఆయన భావిస్తూ ఉండవచ్చు. ఆ పని తీసేస్తే చేతులు ముడుచుకుని కూర్చోమన్నట్టే అవుతుంది. దాని బదులు వేరొక పని ఆయన చేతికే అప్పగించండి. మట్టి ముంత ఒకటి కొని, ప్రతి ఆదివారం గుడి నుంచి వచ్చాక ఇరవై రూపాయల నాణెమో, పది రూపాయల నాణేలు రెండో అందులో బాబు చేత వేయించే బాధ్యత తాతగారిదని చెప్పండి. గోడ క్యాలెండర్లో ఆ ఆదివారం గడికి బాబే చుట్టూ గీత గీస్తాడు. మొదట నాలుగు వారాలకే లెక్క తేల్చండి, అయిదేళ్ళవాడికి రెండు నెలలంటే ఒక యుగం. నాలుగు ఆదివారాలు నిండాక ఆ డబ్బు పట్టుకుని తాతా మనవలు వెళ్ళి, ఉన్న డబ్బులో వచ్చేది వాడే ఎంచుకుని, వాడి చేత్తోనే దుకాణదారుకు ఇవ్వాలి. రెండు మూడు నెలలు ఇలా గడిచాక ఎనిమిది వారాలకు పొడిగించవచ్చు. తన డబ్బుతో కొనేటప్పుడు పిల్లలు ఆశ్చర్యపడేంత జాగ్రత్తగా బేరమాడతారు. మిగతా ఆదివారాలు గుడి అయ్యాక వాడికి ఏదో ఒక ముచ్చట ఉండాలి సుమా, ఖాళీగా తిప్పి తీసుకురాకూడదు. చెరుకురసం తాగడమో, నాగావళి వంతెన మీద నిలబడి నీళ్ళు చూడటమో, ఎటు వెళ్ళాలో ఆ రోజు బాబే నిర్ణయించడమో, ఏదైనా సరే. ఈ మాటలన్నీ మీ నోటితో కన్నా మీ అత్తగారి చేతనో, ఫోనులో మీవారి చేతనో చెప్పిస్తే పని సులువవుతుంది.

ఇంట్లో ఉన్న 63 బొమ్మలను ఏం చేయాలన్నది మీరు అడగలేదు గాని, నేను చెప్పక తప్పదు. అమెరికాలోని టొలీడో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్ళ వయసు గల 36 మంది పిల్లలను ఒకసారి 4 బొమ్మల మధ్య, మరొకసారి 16 బొమ్మల మధ్య వదిలి చూశారు. నాలుగే ఉన్నప్పుడు ఒక్కొక్క బొమ్మతో ఎక్కువసేపు, ఎక్కువ రకాలుగా ఆడుకున్నారు. ఆ పిల్లలు మీ వాడికన్నా చిన్నవాళ్ళే అయినా, మీ ఇంట్లో అట్టపెట్టె చెబుతున్నది కూడా ఇదే. పది పన్నెండు బొమ్మలను కింద ఉంచి, మిగిలినవాటిని మూడు సంచుల్లో కట్టి అటక మీద పెట్టండి. మూడు వారాలకొకసారి ఒక సంచి దించి, కింద ఉన్నవాటిని పైకి పంపండి. మరచిపోయిన బొమ్మ కొత్తబొమ్మతో సమానంగా పనిచేస్తుంది. ఏవి కింద ఉండాలో పిల్లలనే ఎంచుకోనివ్వండి, ఏది ఎవరికి ఇచ్చేయాలన్నా వాళ్ళనే అడగండి. పిల్లవాడు బడికి వెళ్ళినప్పుడు చూసి బొమ్మలు పారేయడం మాత్రం పెద్దలు చేసే దొంగతనం.

మీవారి సంచి గురించి కొంచెం మెత్తగా మాట్లాడాలి. ఆరు నెలలు పిల్లలను చూడని తండ్రి చేతులూపుకుంటూ రాలేడు, రమ్మని మనం అడగనూ కూడదు. సంచికి బదులు ఇద్దరికీ ఒక్కొక్కటి తెమ్మనండి, అదీ తాను ఉన్న రోజుల్లో కూర్చుని కలిసి ఆడగలిగినది అయితే మంచిది: క్యారమ్ బోర్డు, షటిల్ బ్యాట్లు, గాలిపటం, ముక్కలు కలిపి కట్టే ఇల్లు. సెలవు వేసవిలో పడితే అసలు కొనవలసిన పనే లేదు. మన జిల్లాలో ఆ రోజుల్లో ముంజకాయలకు కొదవా? ముంజలు తిన్నాక మిగిలిన రెండు బుర్రలకు అడ్డంగా పుల్ల గుచ్చి, పంగల కర్రతో తోసుకుపోయే బండి ఎలా చేయాలో ఆయనకు తెలిసే ఉంటుంది. తండ్రి చేతి కత్తితో చెక్కిన ఆ పుల్ల, సంచిలో వచ్చే బ్యాటరీ కారు కన్నా ఎక్కువకాలం గుర్తుంటుంది. ఫోనులో ‘ఈసారి వచ్చినప్పుడు తెస్తాను’ అని ఆయన ఏదైనా మాట ఇస్తే మాత్రం అది తప్పకుండా జరగాలి. అమెరికాలోనే రాచెస్టర్ విశ్వవిద్యాలయంలో 28 మంది చిన్నపిల్లలతో చేసి 2013లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. మంచి రంగులు తెస్తానని చెప్పి నిజంగా తెచ్చిన పెద్దమనిషి మాట మీద, తరువాత ఎదుట ఒక మిఠాయి పెట్టి, తినకుండా ఆగితే ఇంకొకటి ఇస్తామన్న పరీక్షలో పిల్లలు సగటున 12 నిమిషాలు ఓపిక పట్టారు. తెస్తానని చెప్పి ఉత్తచేతులతో వచ్చిన మనిషి దగ్గర 3 నిమిషాలే ఆగారు. ముంత పద్ధతి కూడా ఈ నమ్మకం మీదే నడుస్తుంది, నాలుగో ఆదివారం వాన వచ్చినా సరే, గొడుగు వేసుకుని వెళ్ళవలసిందే.

బొమ్మల నాణ్యత గురించి రెండే మాటలు. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో 14 ఏళ్ళలోపు పిల్లల బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి, వీధి బొమ్మల మీద అది ఉందో లేదో మామగారిని చూడమనండి. చిన్న గుండీ బ్యాటరీతో వెలిగే, కూసే బొమ్మల్లో బ్యాటరీ మూతకు స్క్రూ లేకపోతే కొనకండి. ఆ బ్యాటరీ గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల కాలి పుండు పడుతుంది, ఒకవేళ మింగారన్న అనుమానం కలిగినా ఆసుపత్రికి పరుగెత్తాలి. ఏటికొప్పాక లక్కబొమ్మల వంటి నమోదైన హస్తకళాకారుల బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు నిబంధన నుంచి మినహాయింపు ఉంది కాబట్టి, వాటిమీద గుర్తు లేదని వెనకాడనక్కరలేదు. అంకుడు కర్రతో చేసి, చెట్ల నుంచి తీసిన రంగులు లక్కతో పట్టించిన ఆ బొంగరం ధర, అరసవల్లిలో రెండు మూడు ఆదివారాలకు అయ్యే ఖర్చును మించదు. అది మీ బాబు చేతిలో సాయంత్రానికి విరగదు.

చివరికి ఉంచుకున్నానే గాని, మీ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా కలవరపెట్టినది ఒక చిన్న వాక్యం: ‘పాపతో ఈ గొడవ లేదు, అది ఏమీ అడగదు.’ ఆ పాప ఎనిమిదేళ్ళుగా ఈ ఇంట్లోనే ఉంది. ప్రతి ఆదివారం తమ్ముడు గుడికి వెళ్ళి బొమ్మతో తిరిగి రావడం చూస్తోంది. తమ్ముడు ఏడిస్తే బొమ్మ వస్తుంది, తాను ఏడవకపోతే మంచిపిల్ల అన్న పేరు వస్తుంది. బొమ్మ కావాలంటే తాను ర్యాంకు తేవాలి, తమ్ముడు మాత్రం తాతగారి వెంట నడిస్తే చాలు. మీరు కావాలని ఈ తేడా పెట్టలేదని నాకు తెలుసు, మన ఇళ్ళల్లో ఇది ఎవరూ పెట్టకుండానే ఏర్పడుతుంది. అడగకపోవడాన్ని కోరిక లేకపోవడంగా మనం సులువుగా పొరబడతాము. అడిగినా ఫలితం ఉండదని ముందే లెక్క వేసుకున్న పిల్ల కూడా అడగదు కదా. పేచీ పెట్టేవాడిని మాన్పించడం గురించి మీరు నన్ను అడిగారు, పేచీ పెట్టని దానికి ఇవ్వడం గురించి నేను మిమ్మల్ని అడుగుతున్నాను.

ర్యాంకుకు బొమ్మ అన్న ఒప్పందాన్ని రద్దు చేసుకోండి. 1973లో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు పరిశోధకులు ఒక నర్సరీ బడిలో, బొమ్మలు వేయడమంటే సహజంగానే ఇష్టపడే పిల్లలకు ‘బొమ్మ వేస్తే బహుమతి ఇస్తాము’ అని ముందుగా చెప్పి ఇచ్చి చూశారు. కొన్ని రోజుల తరువాత ఆ పిల్లలు తమంతట తాము రంగులు పట్టుకునే సమయం, బహుమతి మాటే వినని పిల్లలతో పోలిస్తే సుమారు సగానికి పడిపోయింది. చదువు మీద ఇష్టమున్న పిల్లకు ర్యాంకుకు వెల కట్టవలసిన అవసరం లేదు. వచ్చిన మార్కులకు మెచ్చుకోండి, మంచి భోజనం పెట్టండి, బొమ్మను మాత్రం దానితో ముడిపెట్టకండి. మొదట చెప్పిన రెండు నెలలకొక బొమ్మ పాపకు కూడా అదే తేదీకి, ఏ షరతూ లేకుండా రావాలి. దానికీ ఒక ముంత ఉండాలి, అందులో కూడా తాతగారే డబ్బు వేయాలి, తమ్ముడికి వేసినంతే.

ఏం కావాలని అడిగితే మొదట్లో ‘ఏమీ వద్దమ్మా’ అంటుంది. ఆ మాటతో సంతృప్తి పడి వచ్చేయకండి, దుకాణంలోకి తీసుకువెళ్ళి, తొందరపెట్టకుండా అరగంట తిరగనిచ్చి, ఏ వస్తువు దగ్గర రెండోసారి ఆగిందో గమనించండి. మీరు లెక్కల టీచరు కనుక ఇంకొక దారి కూడా ఉంది. కాన్పూర్ ఐఐటీలో చదివి, పారేసే వస్తువులతో విజ్ఞానశాస్త్ర బొమ్మలు చేయడానికి జీవితాన్ని ఇచ్చిన అరవింద్ గుప్తా గారు (2018లో వారికి పద్మశ్రీ వచ్చింది) అగ్గిపుల్లలనూ, సైకిలు వాల్వ్ ట్యూబు ముక్కలనూ కలిపి త్రిభుజాలు, ఘనాలు కట్టే పద్ధతి ఒకటి ప్రచారం చేశారు. త్రిభుజం నొక్కినా కదలకపోవడం, చతురస్రం పక్కకు వాలిపోవడం ఆ పాప వేళ్ళతోనే తెలుసుకుంటుంది. తమ్ముడు నిద్రపోయాక, వారానికి ఒక సాయంత్రం, మీరిద్దరే కూర్చుని అది చేయండి.

వచ్చే ఆదివారం మామగారు బయలుదేరేటప్పుడు పాపకు కూడా తల దువ్వి, గౌను వేసి సిద్ధంగా ఉంచి, ‘మామయ్యగారూ, దీన్ని కూడా తీసుకెళ్ళండి’ అని అడగండి. ఎప్పుడూ ఎందుకు తీసుకువెళ్ళలేదో బహుశా ఆయనకే గుర్తుండదు.